ఎండాకాలంలో కారు ఏసీ: గ్యాస్ కంటే ముందు చూడాల్సినవి

(కారు నడిపేవారి కోసం ఏర్పాటు చేసిన సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఎండలు ముదిరేసరికి కారు ఏసీ పని చేసేవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది. "చల్లదనం తగ్గింది, కాస్త గ్యాస్ కొట్టండి" అని. కారు తెచ్చినవాళ్లు ఆ మాటే అంటారు. చాలాచోట్ల పనివాళ్లు కూడా ఇంకేమీ చూడకుండా ఆ పనే చేసి పంపేస్తారు. కొన్నాళ్లు చల్లగానే ఉంటుంది. తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. నేను ఈ రోజు మాట్లాడబోయేది చాలావరకు ఈ అలవాటు గురించే. దీనివల్ల డబ్బు పోతుంది, కంప్రెసర్ పోతుంది, అసలు లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

ముందుగా ఒక విషయం తేల్చుకుందాం. ఏసీలోని గ్యాస్ పెట్రోల్‌లా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. అది మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు హోస్‌ల గుండా, సీళ్ల దగ్గర ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి పోయే మాట నిజమే. కానీ నిరుడు నింపించిన గ్యాస్ ఈ ఏడాదికే తగ్గిపోయిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. ఆ లీక్ వెతకకుండా మళ్లీ నింపడాన్ని మరమ్మతు అనలేం.

ఏసీ ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. చేతి మీద స్పిరిట్ రాసుకుంటే చల్లగా అనిపిస్తుంది కదా. అది ఆవిరవుతూ చర్మం నుంచి వేడి లాక్కుంటుంది. ఏసీలో జరిగేదీ అదే. డ్యాష్‌బోర్డ్ లోపల ఒక చిన్న కాయిల్ ఉంటుంది. దాన్నే ఎవాపరేటర్ అంటారు, మనవాళ్లు కూలింగ్ కాయిల్ అంటారు. అందులో ద్రవంగా ఉన్న గ్యాస్ తక్కువ ప్రెషర్‌లో ఆవిరవుతూ కారు లోపలి గాలి నుంచి వేడిని తీసుకుంటుంది. ఆ వేడిని తీసుకున్న గ్యాస్‌ను కంప్రెసర్ నొక్కి, కారు ముందు భాగంలో ఉండే కండెన్సర్‌కు పంపిస్తుంది. అక్కడ బయటి గాలికి వేడి వదిలేసి గ్యాస్ మళ్లీ ద్రవమవుతుంది. ఆ తర్వాత తేమను పీల్చే డ్రయర్ గుండా, ప్రెషర్ తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ గుండా వెళ్లి మళ్లీ కూలింగ్ కాయిల్‌కు చేరుతుంది. అంటే ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది, అంతే.

ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మంచి ప్రశ్న అడగడం వస్తుంది. "గ్యాస్ ఉందా లేదా" అని కాకుండా "వేడి ఎక్కడ ఆగిపోతోంది" అని అడగాలి.

ఎండాకాలంలో వేడి ఎక్కువగా ఆగిపోయేది కండెన్సర్ దగ్గర. కారణం చెప్తాను. బయట గాలి 40 డిగ్రీలుందనుకోండి. ఆ గాలికి వేడి వదలాలంటే గ్యాస్ అంతకంటే బాగా వేడిగా, దాదాపు 55 డిగ్రీల దగ్గర ద్రవం కావాలి. చాలా కార్లలో ఉండే ఆర్-134ఏ గ్యాస్ 55 డిగ్రీల దగ్గర ద్రవం కావాలంటే మామూలు గాలి పీడనానికి 15 రెట్లు ప్రెషర్ కావాలి. బయట ఎండ పెరిగేకొద్దీ ఆ ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. దానికి తోడు కండెన్సర్ నిండా దుమ్ము, పురుగులు, ఎండుటాకులు పట్టి ఉంటే గాలి సరిగా ఆడదు. వేడి దిగదు. ప్రెషర్ మరీ పెరిగితే సిస్టమ్ తనను తాను కాపాడుకోవడానికి కంప్రెసర్‌ను ఆపేస్తుంది. లోపల కూర్చున్న మనకు అర్థమయ్యేది మాత్రం ఒక్కటే, "ఏసీ చల్లగా రావట్లేదు" అని. ఇలాంటి కారులో గ్యాస్ ఇంకా నింపితే ఏమవుతుందో ఆలోచించండి. అసలే ఎక్కువగా ఉన్న ప్రెషర్ మరింత పెరుగుతుంది. చల్లదనం ఇంకా తగ్గుతుంది.

దీన్ని కనిపెట్టడానికి పనిముట్లు అక్కర్లేదు. రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడు ఏసీ బాగానే చల్లబరుస్తూ, సిగ్నల్ దగ్గరో ట్రాఫిక్‌లోనో ఆగగానే వేడి గాలి రావడం మొదలైతే, మొట్టమొదట అనుమానించాల్సింది కండెన్సర్ మీదికి వచ్చే గాలినే. బండి కదులుతుంటే గాలి దానంతటదే తగులుతుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. కాబట్టి ఏసీ వేసి, బానెట్ తెరిచి, ముందున్న ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాన్ తిరుగుతుంది. కొన్నిటిలో ప్రెషర్ పెరిగాక తిరుగుతుంది. అయిదు నిమిషాలైనా కదలకపోయినా, నీరసంగా తిరుగుతున్నా ఫ్యాన్ మోటారో, రిలేనో, ఫ్యూజో చూపించాలి. ఇది చిన్న మరమ్మతు. దీన్ని వదిలేసి గ్యాస్ మార్పించినవాళ్లు ఎంతమందో. ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోవద్దు. ఫ్యాన్ దగ్గర, బెల్టు దగ్గర చేతులు పెట్టకండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపిన తర్వాత కూడా ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది.

కండెన్సర్‌ను కడగడం ఇంట్లోనే చేసుకోగలిగిన పని. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మామూలు నీళ్ల పైపుతో, ఒత్తిడి తక్కువగా పెట్టి కడగాలి. వెనక నుంచి ముందుకు నీళ్లు కొట్టే వీలుంటే ఇంకా మంచిది. దుమ్ము వచ్చిన దారినే బయటికి పోతుంది. ప్రెషర్ వాషర్ మాత్రం వాడొద్దు. కండెన్సర్ మీదుండే అల్యూమినియం రేకులు చాలా పలచన. గట్టిగా నీళ్లు తగిలితే మడతపడిపోయి, దుమ్ము ఆపిన దానికంటే ఎక్కువగా గాలిని ఆపేస్తాయి. ఇంకో విషయం. కండెన్సర్ వెనకే రేడియేటర్ ఉంటుంది. ఈ రెండింటి మధ్య సందులో మెత్తటి దుమ్ము, నార లాంటిది పేరుకుంటుంది. ముందు నుంచి చూస్తే కండెన్సర్ తళతళలాడుతూ కనిపిస్తుంది, లోపల మాత్రం గాలి ఆడే దారే ఉండదు. పాత కారైతే ఎండాకాలానికి ముందు ఒకసారి ఆ సందు కూడా శుభ్రం చేయమని అడిగి చేయించుకోండి. ఇంజిన్ వేడెక్కడం కూడా తగ్గుతుంది.

ఇక కారు లోపలి సంగతి. క్యాబిన్ ఫిల్టర్, అంటే కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టేది, మీ కారులో ఉందో లేదో, ఉంటే ఎక్కడుంటుందో మీలో కొందరికి తెలియకపోవచ్చు. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. గ్లవ్ బాక్స్ కిందికి దించి, చిన్న మూత తీస్తే చేతికొస్తుంది. కంపెనీలు సాధారణంగా ఏడాదికోసారి లేదా 15,000 కిలోమీటర్ల దరిదాపుల్లో మార్చమంటాయి. మీ కారు పుస్తకంలో ఎంత రాసి ఉందో చూసుకోండి. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి అంతకంటే ముందే మార్చాలి. ఫిల్టర్ మూసుకుపోతే బ్లోయర్, అంటే లోపలికి గాలి తోసే ఫ్యాన్, నాలుగో నంబర్ మీద పెట్టినా మోత మాత్రమే ఉంటుంది, గాలి రాదు. వెంట్ దగ్గర చెయ్యి పెడితే గాలి చల్లగానే ఉంటుంది, కానీ కారంతా చల్లబడదు. గాలి చల్లగా లేకపోవడం వేరు, చాలినంత గాలి రాకపోవడం వేరు. మెకానిక్‌కు చెప్పేటప్పుడు ఈ రెండింటిలో మీ సమస్య ఏదో విడమరిచి చెప్పండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఇందులోనే ఇంకో రకం ఉంది. బయల్దేరినప్పుడు బ్రహ్మాండంగా చల్లబడుతుంది. గంటసేపు నడిపాక గాలి తగ్గిపోతూ తగ్గిపోతూ చివరికి ఆగిపోయినట్టవుతుంది. ఏసీ ఆపి కాసేపు బ్లోయర్ మాత్రం ఉంచితే మళ్లీ బాగా వస్తుంది. ఇది కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టడం. ఫిల్టర్ మూసుకుపోయినా, కాయిల్ ఉష్ణోగ్రత చూసే సెన్సార్ పాడైనా, గ్యాస్ కొంత తగ్గినా ఇలా జరగొచ్చు. ఫిల్టర్ నుంచి మొదలుపెట్టి చూసుకుంటూ రావాలి.

గ్యాస్ సంగతి తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చెప్తాను. ఏసీ పూర్తి చల్లదనం మీద పెట్టి, ఇంజిన్ పది నిమిషాలు నడవనివ్వండి. బానెట్ కింద రెండు ఏసీ గొట్టాలు కనిపిస్తాయి. ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఉంటుంది. వేరే ఏదీ తగలకుండా జాగ్రత్తగా లావు గొట్టాన్ని ముట్టుకోండి. అది బాగా చల్లగా ఉండి, పైన నీటి చెమ్మ పట్టి ఉంటే గ్యాస్ వైపు పని చాలావరకు సరిగానే జరుగుతోందని అర్థం. సన్నటి గొట్టం వేడిగా ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. లావు గొట్టం అంత చల్లగా ఉండి కూడా వెంట్‌లో గాలి గోరువెచ్చగా వస్తుంటే లోపం డ్యాష్‌బోర్డ్ లోపల ఉంది. అక్కడ వేడి గాలినీ చల్ల గాలినీ కలిపే ఒక తలుపు ఉంటుంది. దాన్ని తిప్పే చిన్న మోటారు పాడైతే హీటర్ గాలి కూడా కలిసి వస్తుంది. డ్రైవర్ వైపు చల్లగా, పక్క సీటు వైపు వేడిగా వస్తున్నా, డ్యాష్‌బోర్డ్‌లో టిక్ టిక్ మని చప్పుడు వస్తున్నా ఈ మోటారునే అనుమానించాలి.

ఒక మామూలు థర్మామీటర్ కూడా దగ్గర పెట్టుకోండి. మధ్య వెంట్‌లో ఉంచి, రీసర్క్యులేషన్ (బయటి గాలి రాకుండా లోపలి గాలినే తిప్పడం) పెట్టి చూడండి. వాతావరణం మామూలుగా ఉన్న రోజుల్లో 5 నుంచి 10 డిగ్రీల దాకా రావాలి. బాగా ఎండ, ఉక్కపోత ఉన్న రోజున 12, 14 చూపించినా కంగారుపడక్కర్లేదు. గాలిలోని తేమను నీళ్లుగా మార్చడానికే ఏసీ శక్తి చాలా ఖర్చవుతుంది. బాగా పనిచేస్తున్న రోజుల్లో ఎంత చూపించిందో రాసిపెట్టుకుంటే, తర్వాత పోల్చుకోవడానికి అంతకంటే మంచి ఆధారం ఉండదు.

ఇవన్నీ చూశాక కూడా గ్యాస్ తగ్గిందనే తేలిందనుకుందాం. అప్పుడేం చేయాలి? ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే కాబట్టి.

కంప్రెసర్‌కు ఆయిల్ కావాలి. ఆ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా వేరే తొట్టిలో ఉండదు. గ్యాస్‌తో పాటే కలిసి గొట్టాల్లో తిరుగుతుంది. గ్యాస్ లీకైన చోట ఆయిల్ కూడా కొంత బయటికొస్తుంది. అందుకే జాయింట్ల దగ్గర, కండెన్సర్ మీద, కంప్రెసర్ ముందు భాగంలో జిడ్డుగా దుమ్ము అంటుకున్న మరక ఉంటే అది లీక్‌కు మొదటి గుర్తు. గ్యాస్ తగ్గిన కొద్దీ కంప్రెసర్‌కు తిరిగొచ్చే ఆయిల్ కూడా తగ్గుతుంది. ప్రెషర్ మరీ పడిపోతే ఆపే స్విచ్ ఉంటుంది, నిజమే. కానీ అది పనిచేసేది గ్యాస్ చాలా తగ్గాకే. ఈలోపు కంప్రెసర్ ఎండిపోయి అరుగుతూ ఉంటుంది. చివరికి పట్టేసిందంటే లోహపు పొడి గొట్టాలన్నిటిలోకీ పాకుతుంది. ఇప్పటి కండెన్సర్లలో దారులు చాలా సన్నగా ఉంటాయి, కడిగినా ఆ పొడి పూర్తిగా పోదు. అప్పుడు కంప్రెసర్‌తో పాటు కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా మార్చక తప్పదు. జాయింట్‌లో ఉండే ఒక చిన్న రబ్బరు ఓ-రింగ్ మారిస్తే పోయేదానికి ఇంత దాకా వస్తుంది. ప్రతి ఏడాదీ "టాప్ అప్" చేయించుకుంటూ పోయేవాళ్ల గురించి నా బాధ ఇదే.

సరైన పని ఇలా ఉంటుంది. ముందు మిగిలిన గ్యాస్‌ను మెషీన్‌తో బయటికి తీసి తూకం వేస్తారు. గాలిలోకి వదలకూడదు. తర్వాత లీక్ వెతుకుతారు. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి చూడొచ్చు, ఎలక్ట్రానిక్ డిటెక్టర్‌తో చూడొచ్చు, రంగు కలిపి యూవీ లైట్ కింద చూడొచ్చు. లీకైన భాగం మార్చాక, సిస్టమ్ తెరిచారు కాబట్టి డ్రయర్ కూడా మార్చడం మంచిది. డ్రయర్‌లో తేమను పీల్చే గింజలుంటాయి. గాలి తగిలితే అవి గాలిలోని తేమనే పీల్చేసి నిండిపోతాయి. ఆ తర్వాత వాక్యూమ్ పంప్ పెట్టాలి. కనీసం అరగంట అయినా పెట్టాలి, చాలాసేపు తెరిచి ఉంచిన సిస్టమ్‌కు ఇంకా ఎక్కువ. వాక్యూమ్ ఎందుకంటే, లోపల గాలి లేకుండా చేస్తే మిగిలిన తేమ మామూలు ఉష్ణోగ్రతలోనే మరిగి ఆవిరై బయటికొచ్చేస్తుంది. తేమ లోపలే ఉండిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచై దారి మూసేస్తుంది. గ్యాస్‌తో, ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తినేస్తుంది. అయిదు నిమిషాలు పంప్ పెట్టి "అయిపోయింది సార్" అంటే ఒప్పుకోకండి. పంప్ ఆపాక గేజ్ ముల్లు కదలకుండా నిలబడుతోందో లేదో కూడా చూపించమనండి.

చివరగా గ్యాస్ నింపేది తూకం ప్రకారమే. మీ కారు బానెట్ కింద ఒక స్టిక్కర్ ఉంటుంది. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని దాని మీద రాసి ఉంటుంది. చాలా కార్లలో 400 నుంచి 800 గ్రాముల మధ్య ఉంటుంది. అందులో 100 గ్రాముల తేడా వచ్చినా పనితీరు మారిపోతుంది. తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే. "గేజ్ చూసి నింపేస్తాం" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. బండి ఆపి ఉన్నప్పుడు గేజ్ చూస్తే అది చెప్పేది ఉష్ణోగ్రత మాత్రమే. ఆర్-134ఏ ఉన్న కారు 30 డిగ్రీల నీడలో ఉంటే గేజ్ 95 పీఎస్ఐ దరిదాపుల్లో చూపిస్తుంది. లోపల కాస్త ద్రవం మిగిలి ఉంటే చాలు, 300 గ్రాములున్నా 600 గ్రాములున్నా అదే అంకె. ఇంజిన్ నడుస్తున్నప్పుడు గేజ్ రోగం చెప్పడానికి చాలా ఉపయోగపడుతుంది. ఎంత గ్యాస్ ఉందో చెప్పడానికి మాత్రం తూకం ఒక్కటే దారి.

గ్యాస్ రకం గురించి రెండు మాటలు. పాత కార్లలో ఆర్-12 ఉండేది. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని తెలిశాక, 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం తర్వాత దాన్ని వదిలేసి 1990లలో ఆర్-134ఏకు మారారు. ఇది ఓజోన్‌కు హాని చేయదు కానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,400 రెట్లు దాకా బలమైనది. అందుకే చాలా కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2017 నుంచి కొత్త కార్లలో ఆర్-134ఏ వాడటానికి వీల్లేదు. ఈ కొత్త గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం ఉంది. దానికి వేరే మెషీన్ కావాలి, నింపే మూతులు కూడా వేరు. ఒకదాని బదులు ఇంకొకటి నింపడం, రెండూ కలపడం తప్పు. చవకగా వస్తుందని వంటగ్యాస్ రకం వాయువులు కలిపిన సీసాలు కొట్టించుకోవడం తప్పు మాత్రమే కాదు, ప్రాణాపాయం. కూలింగ్ కాయిల్ లీకైతే ఆ గ్యాస్ నేరుగా మీరు కూర్చున్న చోటికే వస్తుంది.

ఇప్పుడు వాసన సంగతి. ఏసీ వేయగానే పులిసిన గుడ్డల వాసన వస్తోందని చాలామంది అంటారు. కూలింగ్ కాయిల్ మీద ఎప్పుడూ తడి ఉంటుంది, చీకటి ఉంటుంది, దుమ్ము ఉంటుంది. బూజు పెరగడానికి ఇంకేం కావాలి? దానికి సెంటు సీసా తగిలిస్తే వాసన మీద వాసన చేరుతుంది, అంతే. కాయిల్ కడిగే ఫోమ్ దొరుకుతుంది, దాంతో శుభ్రం చేయించి, ఫిల్టర్ మార్చండి. మళ్లీ రాకుండా ఉండాలంటే, చేరాల్సిన చోటు ఇంకో మూడు నాలుగు నిమిషాల దూరంలో ఉందనగా ఏసీ బటన్ ఆపి బ్లోయర్ మాత్రం ఉంచండి. కాయిల్ ఆరుతుంది. కారు కింద నీళ్లు కారడం చూసి భయపడకండి, అది మంచి లక్షణం. ఆ నీళ్లు బయటికి రాకుండా ముందు సీటు కింద మ్యాట్ తడుస్తుంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టు. అలా కాకుండా తియ్యటి వాసన వచ్చి, అద్దం లోపలి వైపు జిడ్డు పొగలా పడుతుంటే అది ఏసీ సమస్య కాదు. హీటర్ దగ్గర కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతోంది, వెంటనే చూపించాలి.

ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే ఏం చేయాలన్నది అందరూ అడుగుతారు. అప్పుడు లోపలి గాలి బయటి గాలి కంటే చాలా వేడిగా ఉంటుంది. డ్యాష్‌బోర్డ్ 70 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ గాలినే రీసర్క్యులేషన్‌లో తిప్పి చల్లబరచమనడం ఏసీకి అనవసరపు బరువు. అద్దాలన్నీ దించి, బ్లోయర్ గట్టిగా పెట్టి, ఒకటి రెండు నిమిషాలు నడపండి. వేడి గాలి బయటికి పోయాక అద్దాలెత్తి రీసర్క్యులేషన్ పెట్టండి. ఒకసారి చల్లబడిన గాలినే మళ్లీ చల్లబరచడం కాబట్టి త్వరగా హాయిగా అవుతుంది. కానీ గంటల తరబడి అలాగే ఉంచొద్దు. నలుగురైదుగురు ఊపిరి వదిలే కారులో కార్బన్ డయాక్సైడ్ పెరిగి నిద్రమత్తు వస్తుంది. దూర ప్రయాణంలో అప్పుడప్పుడు కొన్ని నిమిషాలు బయటి గాలి రానివ్వండి. నిలబెట్టేటప్పుడు ముందు అద్దానికి వెండి రంగు తెర పెట్టండి. ఎండ ఎక్కువగా లోపలికి వచ్చేది ఆ అద్దం గుండానే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లల్నిగానీ, పెంపుడు జంతువుల్నిగానీ నిలబెట్టిన కారులో వదలకండి. "రెండు నిమిషాల్లో వస్తా" అని కూడా వదలకండి. మూసిన కారులో వేడి ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరిగిపోతుంది. అద్దం రెండు అంగుళాలు దించి ఉంచితే చాలనుకుంటారు, దానివల్ల పెద్దగా తేడా ఉండదు. చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. ఏసీ వేసి వదిలి వెళ్లడం కూడా పరిష్కారం కాదు. ఇంజిన్ ఆగిపోవచ్చు, ఇందాక చెప్పినట్టు ఫ్యాన్ పాడై కంప్రెసర్ ఆగిపోవచ్చు, లోపలున్న పసివాడు మీకు ఫోన్ చేసి చెప్పలేడు. అలాగే మూసిన షెడ్డులో ఇంజిన్ నడుపుతూ ఏసీలో పడుకోకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

నేను చెప్పదలచుకున్నవి ముఖ్యంగా ఇవీ. ఇప్పుడు మీరు అడగండి.

*చలికాలంలో ఏసీ అసలు వాడం. దానివల్ల నష్టమేమైనా ఉందా?*

ఉంది. ఆయిల్ గ్యాస్‌తో పాటు తిరుగుతుందని చెప్పాను కదా. నెలల తరబడి ఏసీ వేయకపోతే కంప్రెసర్ షాఫ్ట్ దగ్గరుండే సీల్ ఎండిపోతుంది. ఎండాకాలం రాగానే అక్కడి నుంచే లీక్ మొదలవుతుంది. వారానికోసారి కాకపోయినా, రెండు వారాలకోసారైనా పది నిమిషాలు వేయండి. అద్దాల మీద ఆవిరి పట్టినప్పుడు వేస్తే రెండు పనులూ అవుతాయి, ఏసీ గాలి పొడిగా ఉండి అద్దం త్వరగా తేటపడుతుంది. ఇప్పుడు మనకు బటన్ నొక్కితే చాలు. 1940 మోడల్ ప్యాకార్డ్ అనే అమెరికా కార్లలో మొదటిసారి కంపెనీ నుంచే ఏసీ బిగించి ఇచ్చినప్పుడు కంప్రెసర్‌ను ఇంజిన్ నుంచి విడదీసే క్లచ్ ఉండేది కాదు. ఏసీ వద్దనుకుంటే ఇంజిన్ ఆపి, దిగి, బెల్టు తీసేయాల్సి వచ్చేది.

*లీక్ ఆపే మందు డబ్బాల్లో దొరుకుతుంది కదా, దాన్ని గ్యాస్‌తో కలిపి కొట్టేస్తే సరిపోదా?*

వద్దు. ఆ మందు గాలి, తేమ తగిలితే గట్టిపడే రకం. లీక్ దగ్గర గట్టిపడుతుందని అమ్ముతారు. కానీ లోపల తేమ మిగిలి ఉంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనే గట్టిపడొచ్చు. తర్వాత ఎవరైనా మెషీన్ తగిలిస్తే ఆ మెషీన్ కూడా పాడవుతుంది. అందుకే మంచి వర్క్‌షాపుల్లో ముందుగా ఈ మందు ఉందా అని పరీక్షిస్తారు, ఉంటే బండి ముట్టుకోరు. ఇంకో విషయం, ద్రవరూపంలో గ్యాస్ చేతికి తగిలినా, కంట్లో పడినా చర్మం గడ్డకట్టి పుండవుతుంది. ఆర్-134ఏ బయట మరిగేది మైనస్ 26 డిగ్రీల దగ్గర. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా ఎవరూ ఆ పని చేయకూడదు.

*కొండ ఎక్కేటప్పుడు ఏసీ ఒక్కోసారి ఆగి మళ్లీ వస్తోంది. పాడైందా?*

ఎక్కువసార్లు కాదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్‌కు శక్తి మిగల్చడానికి కంప్యూటర్ కొన్ని క్షణాలు కంప్రెసర్‌ను ఆపుతుంది. ఇంజిన్ వేడి పెరిగినా ఆపుతుంది. ఉష్ణోగ్రత ముల్లు మామూలుగా ఉంటే పట్టించుకోవద్దు. ముల్లు పైకి పోతుంటే మాత్రం ఏసీ ఆపి, చోటు చూసి బండి పక్కకు తీయండి. కూలెంట్ మూత వేడిగా ఉన్నప్పుడు తెరవకండి.

*మాది ఎలక్ట్రిక్ కారు. దానికీ ఇవే వర్తిస్తాయా?*

కండెన్సర్, ఫిల్టర్, వాసన, తూకం, ఇవన్నీ వర్తిస్తాయి. రెండు తేడాలున్నాయి. మొదటిది, కంప్రెసర్ బెల్టుతో కాకుండా హై వోల్టేజ్ కరెంటుతో నడుస్తుంది. నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే దూరంగా ఉండండి. ఆ కంప్రెసర్లలో చాలావాటికి కరెంటు పాకనివ్వని వేరే రకం ఆయిల్ కావాలి. మామూలు కార్లలో పోసే ఆయిల్ కొంచెం కలిసినా ఇన్సులేషన్ దెబ్బతిని, కారు లోపం చూపించి ఆగిపోవచ్చు. కాబట్టి ఎలక్ట్రిక్ కారుకు పెట్టే మెషీన్‌లో పాత ఆయిల్ ఏదీ మిగల్లేదని అడిగి తెలుసుకోవాలి. రెండోది, చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఈ ఏసీయే. గ్యాస్ తగ్గితే మీకు ఉక్కపోయడమే కాదు, ఎండలో ఫాస్ట్ చార్జింగ్ కూడా నెమ్మదిస్తుంది. బయల్దేరే ముందు, ప్లగ్ పెట్టి ఉండగానే ఏసీ వేసి కారును చల్లబరుచుకోండి. ఆ కరెంటు బ్యాటరీ నుంచి పోదు, దారిలో వాడుకోవడానికి మిగులుతుంది.